ఉమ్‌జింటో ఓడా, ఊరా: నటాల్ వెళ్లిన ఒక విశాఖ కుటుంబం కేసు

దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి వచ్చిన ఉత్తరంలో మూడు సంగతులున్నాయి. ముత్తాత 1860లో ట్రూరో అనే ఓడలో నటాల్ (డర్బన్ ఉన్న అప్పటి బ్రిటిష్ కాలనీ) వచ్చాడు. "ఉమ్‌జింటో" అన్న మాట ఆయన నోట ఎప్పుడూ ఆడుతుండేది, బహుశా అది ఇంకో ఓడ పేరు కావచ్చు. సొంతూరు వైజాగ్. రాసినావిడ రిటైరైన టీచర్, ఆ ఇంట్లో నాలుగో తరం మనిషి. తెలుగులో మాట్లాడటం రాదు గానీ, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న రామభజనలు తెలుగులోనే పాడుతుంది. ఆవిడ అడిగింది ఒక్కటే: మా ముత్తాత ఎక్కిన ఓడ ఏది, ఏ రోజున దిగాడు?

విశాఖలో కూర్చుని ఇలాంటి కుటుంబాల జాడలు వెతకడం నా పని. ఈ కేసును పూర్తిగా రాయడానికి కారణం ఉంది. పూర్వీకుల ఓడ కోసం వెతికే వాళ్లు దాదాపు అందరూ ఓడ పేరుతోనే మొదలుపెడతారు. అక్కడే ఏళ్లకేళ్లు చిక్కుకుపోతారు. నటాల్ విషయంలో వెతకాల్సింది ఓడని కాదు, కాలనీ ఆ మనిషికి ఇచ్చిన నంబరుని. నంబరు దొరికితే ఓడ వెనకాలే వస్తుంది. కుటుంబం కోరిక మేరకు పేర్లు, నంబర్లు, దిగిన తేదీ, ఊరి పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

ట్రూరో కథ

మద్రాసు నుంచి గిరిమిట్ (అయిదేళ్ల పని ఒప్పందం) కూలీలతో డర్బన్ చేరిన తొలి ఓడ ట్రూరో. 1860 నవంబర్ 16న, 342 మందితో. పది రోజుల తర్వాత కలకత్తా నుంచి బెల్వెడీర్ వచ్చింది. నవంబర్ 16ను దక్షిణాఫ్రికా భారతీయులు ఇప్పటికీ తలుచుకుంటారు, 2010లో 150 ఏళ్ల వేడుకలూ జరుపుకున్నారు. అంత పేరున్న ఓడ కావడం వల్ల, ఏ ఇంట్లో అడిగినా "మావాళ్లు ట్రూరోలో వచ్చారు" అనే మాటే వినిపిస్తుంది. ఇది అబద్ధం చెప్పడం కాదు. ఇంట్లో ఓడ పేరు మరుగున పడ్డప్పుడు, ఊరంతా ఎరిగిన పేరు వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటుంది. నిజానికి 1860 నుంచి 1911 దాకా ఓడలు 384 సార్లు వచ్చాయి, 1,52,184 మందిని దించాయి. వాళ్లలో దాదాపు మూడింట రెండొంతులు మద్రాసు రేవు నుంచి బయల్దేరినవాళ్లే. ఆ లెక్కలో ట్రూరో మనుషులు ఎంతమంది?

ఈ ఇంటి విషయంలో ట్రూరోని పక్కన పెట్టడానికి ఆర్కైవ్స్‌కి వెళ్లక్కర్లేకపోయింది. ముత్తాత 1940లలో పోయాడు. మరణ నమోదులో వయసు అరవై దాటిందని ఉంది. ఆఖరి కొడుకు 1919లో పుట్టాడు. 1860లో కూలీగా ఓడ ఎక్కే వయసున్న మనిషికి 1919 నాటికి ఎనభై దగ్గర పడుతుంది. నమోదు చేసిన వయసు అయిదారేళ్లు అటూ ఇటూ అయినా సరే, ఈ మనిషి పుట్టింది 1880 ప్రాంతంలో. అంటే ఓడ ఎక్కింది 1895 తర్వాతే.

ఈ చిన్న కూడికనే చాలామంది చెయ్యరు. ముందు ఇంట్లో ఉన్న మరణ పత్రం, ఆఖరి సంతానం పుట్టిన ఏడు, ఈ రెండూ ముందు పెట్టుకుని ఓడ ఏ దశాబ్దంలో వచ్చి ఉంటుందో తేల్చుకోవాలి. వలస మధ్యలో ఆగింది కూడా. 1860 నుంచి 1866 దాకా సుమారు 6,400 మంది వచ్చాక కాలనీలో గడ్డురోజులు వచ్చి ఓడలు నిలిచిపోయాయి. 1871లో తిరిగొచ్చిన కూలీలు తోటల్లో పడ్డ బాధలు మద్రాసులో చెప్పుకున్నారు, దాని మీద 1872లో నటాల్‌లో ఒక కమిషన్ కూర్చుంది, భారతీయ వలసదారుల ప్రొటెక్టర్ అనే అధికారిని పెట్టారు, 1874లో మళ్లీ ఓడలు మొదలయ్యాయి. ఆ ప్రొటెక్టర్ కూలీలను ఎంతవరకు కాపాడాడన్నది వేరే చర్చ. ఆ కార్యాలయం మాత్రం ప్రతి మనిషి మీదా కాగితం పుట్టించింది. మనం ఈరోజు బతికేది ఆ కాగితాల మీదే.

ఉమ్‌జింటో

ఇక రెండో ముడి. డర్బన్‌కు దక్షిణంగా సముద్రతీరం వెంట వెళితే ఉమ్‌జింటో అనే ఊరు ఉంది. అదే పేరుతో నది ఉంది. చుట్టూ చెరకు తోటలు, పాత మిల్లులు. మరోపక్క, కూలీలను తెచ్చిన బుల్లార్డ్ కింగ్ కంపెనీ తన స్టీమర్లకు నటాల్ నదుల పేర్లు పెట్టుకునేది: ఉమ్లాజీ, ఉమ్‌జింటో, ఉమ్‌కూజీ, ఉమ్‌ఫూలీ. అందువల్ల "ఉమ్‌జింటో" అని ఎవరైనా చెబితే అది ఓడ కావచ్చు, ఊరు కావచ్చు. ఉమ్లాజీతోనూ ఇదే గొడవ. ఇప్పుడు అది డర్బన్ పక్కన లక్షల మంది ఉండే పెద్ద బస్తీ. మనవలకు ఆ పేరు వింటే బస్తీయే గుర్తొస్తుంది.

టీచరమ్మ ద్వారా ఆవిడ మేనత్తతో మాట్లాడాను. తొంభైకి దగ్గరపడిన మనిషి. చిన్నతనంలో ఆ తాత ఒళ్లో కూర్చున్నది ఇంట్లో ఆవిడ ఒక్కతే. తెలుగు కొంచెం వచ్చు, ఉత్తరాంధ్ర యాస ఇంకా చెక్కుచెదరలేదు. ఓడ గురించి అడిగితే ఏమీ చెప్పలేకపోయింది. ఓడ మాట వదిలేసి, "ఉమ్‌జింటోలో తాత ఏం చేసీవోరు అమ్మా?" అని అడిగాను.

"సీకటుండగానే గంట కొట్టీవోరంట బాబూ. గంటకి లెగలేపోతే కూలి కోసీసీవోరంట."

ఓడలో తెల్లారకుండా గంట కొట్టి కూలి కొయ్యరు. అది ఎస్టేట్. ఈ పనిలో నేర్చుకున్నదొకటి చెప్పాలి: పెద్దవాళ్లని పేర్లు, తేదీలు అడిగితే తడబడతారు, లేదా మనల్ని సంతోషపెట్టడానికి ఏదో ఒకటి చెబుతారు. ఏం తిన్నారు, ఎప్పుడు లేచారు, ఎవరికి భయపడ్డారు అని అడగాలి. వాటికి వచ్చే జవాబుల్లో చోటు, కాలం దాక్కుని ఉంటాయి. ఉమ్‌జింటో ఊరే అయినంత మాత్రాన ఓడ ఉమ్‌జింటో కాదని చెప్పలేం, రెండూ అయ్యుండొచ్చు. కానీ ఇక ఆ మాటను ఓడకు సాక్ష్యంగా వాడకూడదని తేలింది.

నంబరు

నటాల్‌లో దిగిన ప్రతి గిరిమిట్ మనిషికీ, చంటిపిల్లలతో సహా, ఒక కాలనీ నంబరు ఇచ్చారు. ఓడల వరసలోనే నంబర్లు నడిచాయి. ట్రూరో వాళ్లవి ఒకటి నుంచి మొదలైతే, 1911లో ఆఖరి ఓడ ఉమ్లాజీ వచ్చేసరికి లక్షన్నర దాటాయి. కాబట్టి నంబరు పరిమాణం చూస్తేనే కాలం తెలుస్తుంది. నాలుగంకెల లోపు అయితే చాలావరకు 1860లు, 1870లు. ఆరంకెలు అయితే కచ్చితంగా 1900 దాటాక. అన్నిటికన్నా ముఖ్యం, ఈ నంబరు మనిషిని వదలలేదు. గిరిమిట్ తీరినా, పెళ్లయినా, పిల్లలు పుట్టినా, చచ్చిపోయినా కాగితం మీద పేరు పక్కన నంబరు పడేది. పిల్లల పత్రాల మీద తండ్రి నంబరు రాసేవారు.

పేరుతో వెతకడం ఎందుకు దండగో చెబుతాను. ముత్తాత పేరు "అప్పల"తో మొదలవుతుంది. సింహాచలం అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు ఉత్తరాంధ్రలో అరుదు: అప్పలస్వామి, అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలనర్సమ్మ, సింహాచలం, సింహాద్రి. నటాల్ గుమస్తాల చేతిలో ఈ అప్పల పేర్లు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఒక "ప" ఎగిరిపోతుంది, "అ" కాస్తా "ఉ" అవుతుంది, "స్వామి" "సామి" అవుతుంది. పైగా ఆయన పేరే తర్వాతి తరానికి ఇంటిపేరుగా స్థిరపడింది. అసలు ఇంటిపేరు ఓడ జాబితాల్లో సాధారణంగా ఉండదు. జాబితాలో పేరుతో వెతికితే అప్పలస్వాములు వరసలు కట్టి వస్తారు. వాళ్లలో మనవాడెవరో చెప్పగలిగేది నంబరొక్కటే.

అయినా పేరు పూర్తిగా దండగ కాదు. మద్రాసు నుంచి వచ్చినవాళ్లందరినీ నటాల్‌లో "మద్రాసీ" అనేశారు, తమిళులా తెలుగువాళ్లా అన్న తేడా చాలా ఇళ్లలో చెరిగిపోయింది. అలాంటి చోట అప్పల, సింహాద్రి కనిపిస్తే విశాఖ వైపు చూడొచ్చు. నూకరాజు, నూకాలమ్మ కనిపిస్తే అనకాపల్లి నూకాంబిక, పైడిరాజు, పైడితల్లి కనిపిస్తే విజయనగరం అమ్మవారు. మన దేవతలు మన జిల్లాల పటం మీదే ఉంటారు. ఇది సాక్ష్యం కాదు, దిక్కు చూపించే గుర్తు అంతే. కానీ ఏ దిక్కూ తెలియనప్పుడు దీని విలువ దీనిది.

ఇంట్లో పాత కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగితే టీచరమ్మ ముందు లేవంది. పాత దేవుడి పటాల వెనక, బైబిల్ సైజు భజన పుస్తకాల మధ్య, ట్రంకు పెట్టె అడుగున పరిచిన కాగితం కింద చూడమన్నాను. ఈ మూడు చోట్లా ఏదో ఒకటి దొరుకుతుందన్నది నా అనుభవం. దొరికింది. నాలుగు మడతలు పెట్టిన, అంచులు రాలిపోతున్న ఒక లైసెన్స్. మూడు పౌండ్ల లైసెన్స్.

దీని కథ కొంచెం చెప్పాలి. 1895లో నటాల్ ప్రభుత్వం 17వ నంబరు చట్టం చేసింది. దాని తర్వాత వచ్చినవాళ్లు అయిదేళ్ల గిరిమిట్ తీరాక మూడిట్లో ఒకటి ఎంచుకోవాలి: ఇండియాకి తిరిగి వెళ్లిపోవడం, మళ్లీ గిరిమిట్ రాయడం, లేదా కాలనీలో ఉండనిస్తున్నందుకు ఏటా మూడు పౌండ్లు కట్టి లైసెన్స్ తీసుకోవడం. గిరిమిట్ కూలీ జీతం మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు పెరిగి అయిదో ఏట పద్నాలుగు. పౌండుకు ఇరవై షిల్లింగులు, అంటే మొదటి ఏడాది సంపాదన మొత్తం ఆరు పౌండ్లు. అందులో సగం, ఊరికే ఉండనిచ్చినందుకు. 1903లో దాన్ని ఎదిగిన పిల్లలకూ వర్తింపజేశారు, పదహారేళ్ల మగపిల్లలు, పదమూడేళ్ల ఆడపిల్లలు కూడా కట్టాలి. 1913లో గాంధీ నడిపించిన సమ్మెలో బొగ్గుగనుల వాళ్లూ తోటల వాళ్లూ వేలాదిగా పని మానేసింది ఈ పన్ను మీదే. 1914లో తీసేశారు. అలాంటి కాగితాన్ని వందేళ్లకు పైగా ఆ ఇంట్లో భద్రంగా దాచారంటే, అది లేకపోతే ఏమవుతుందోనన్న భయం ఎంత లోతుగా నాటుకుందో ఆలోచించండి. మనవలకు భయం పోయింది, కాగితం మిగిలింది.

మనకు కావలసినవి రెండు దాని మీద ఉన్నాయి. ఒకటి, మనిషి 1895 చట్టం తర్వాత వచ్చినవాడేనన్న రుజువు, మన వయసు లెక్కకు అది సరిపోయింది. రెండు, కాలనీ నంబరు, అయిదంకెలు. అందులో మూడో అంకె మాత్రం మడత మీద పడింది. ఒకటా, ఏడా?

ఇలాంటి చోట ఊహించకూడదు. రెండు నంబర్లనూ వెతికాం. కూలీల ఓడ జాబితాలు డర్బన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటి నుంచి తయారైన కంప్యూటర్ డేటాబేస్‌ను క్వాజులు-నటాల్ యూనివర్సిటీ వెస్ట్‌విల్ క్యాంపస్‌లోని గాంధీ-లుథులి డాక్యుమెంటేషన్ సెంటర్‌లో చూడొచ్చు. టీచరమ్మ తనే వెళ్లింది. ఏడుతో వెతికితే కలకత్తా ఓడలో వచ్చిన హిందుస్తానీ మనిషి, ఆజంగఢ్ జిల్లా. ఒకటితో వెతికితే మద్రాసు ఓడలో వచ్చిన "అప్పల" మనిషి, జిల్లా విజగపటం, అంటే విశాఖపట్నం. ఇక అయిపోయిందనే అనిపిస్తుంది. కానీ ఒకే కాగితం మీద, అదీ మడతలో నలిగిన అంకె మీద, ఒక కుటుంబం చరిత్ర నిలబెట్టకూడదు. విజగపటం నుంచి వెళ్లిన అప్పల పేరు మనుషులు ఎంతమందో పైన చెప్పాను.

కాబట్టి ఆ నంబరుకు వేరే దారిలో రావాలి. 1891 నాటి 25వ చట్టం ప్రకారం గిరిమిట్ వాళ్ల పెళ్లిళ్లు, జననాలు, మరణాలు ప్రొటెక్టర్ దగ్గర నమోదు కావాలి. పెళ్లి పుస్తకంలో పెళ్లికొడుకు, పెళ్లికూతురు ఇద్దరి నంబర్లూ ఉంటాయి. నటాల్ పౌర నమోదుల్లో కొంత భాగం ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే చూడొచ్చు. పెద్ద కూతురి జనన నమోదు అలాగే దొరికింది. తండ్రి నంబరు అక్కడ స్పష్టంగా, మూడో అంకె ఒకటి. తర్వాత పెళ్లి నమోదు. అక్కడా అదే నంబరు. లైసెన్స్, జననం, పెళ్లి: మూడు వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు గుమస్తాలు, వేర్వేరు పనుల కోసం రాసిన కాగితాలు ఒకే నంబరు చెప్పాయి. అప్పుడు నమ్మాను.

ఓడ జాబితా

ఓడ ఉమ్లాజీ. ఇక్కడితో సంబరపడి ఆగిపోయేవాళ్లను చాలామందిని చూశాను. ఉమ్లాజీ కూలీలను తెచ్చింది ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. ఏళ్ల తరబడి మద్రాసుకూ డర్బన్‌కూ మధ్య తిరుగుతూనే ఉంది, కలకత్తా కూడా వెళ్లింది. "మా తాత ఉమ్లాజీలో వచ్చాడు" అంటే, మా తాత గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చాడు అన్నట్టే. ఏ రోజు ప్రయాణమో చెప్పకపోతే ఏమీ చెప్పనట్టే లెక్క. నంబరుతో వస్తే ఆ చిక్కు లేదు. నంబర్లు ప్రయాణం ప్రకారం గుంపుగా ఉంటాయి కాబట్టి ముందు వెనక వాళ్ల వరస చూసి ఏ ప్రయాణమో, మద్రాసులో ఎప్పుడు బయల్దేరిందో, డర్బన్‌లో ఎప్పుడు దింపిందో తేల్చాం. 1900 దాటిన తొలి ఏళ్లలో ఒక రోజు. ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు అదే.

కానీ జాబితాలో ఆ ఒక్క వరసలో ఓడ కన్నా విలువైనవి ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు 22, కులం, జిల్లా, తాణా (పోలీస్ స్టేషన్ పరిధి), ఊరు, ఒంటి మీద గుర్తు, పంపిన యజమాని. యజమాని గడిలో దక్షిణ తీరంలోని చెరకు ఎస్టేట్ ఉంది, ఉమ్‌జింటో దగ్గరే. మేనత్త చెప్పిన గంట మోగింది అక్కడే. ఇంట్లో మిగిలిన మాట నిజమే, అది ఓడది కాదు, తోటది. మూడు వారాల ఓడ ప్రయాణం కన్నా అయిదేళ్ల తోట పని గుర్తుండటంలో ఆశ్చర్యం ఏముంది?

కులం గడిని నేను ఎప్పుడూ జాగ్రత్తగా చదువుతాను. అక్కడ రాసింది కూలీ చెప్పిన మాట కావచ్చు, రిక్రూటర్ చెప్పమన్న మాట కావచ్చు, గుమస్తాకు అర్థమైన మాట కావచ్చు. దాని మీద ఇప్పటి మనుషులు తగువులు పెట్టుకోవడం చూస్తే బాధేస్తుంది. ఊరు గడి కూడా అంతే. 1883 వలస చట్టం ప్రకారం మనిషిని ఏ జిల్లాలో చేర్చుకుంటే ఆ జిల్లా అధికారి ముందు నమోదు చెయ్యాలి. అంటే చేరిన జిల్లా వేరు, పుట్టిన ఊరు వేరు కావచ్చు. ఏ కాగితం ఏది చెబుతోందో చూసుకోకుండా ఊరు దొరికిందని బస్సెక్కకూడదు.

ఇక ముత్తవ్వ. పెళ్లి నమోదులో ఆవిడ నంబరుంది కదా, దాన్నీ వెతికాం. అదే ఓడ, అదే ప్రయాణం. కానీ జాబితాలో ఆవిడ పక్కన భర్త పేరు లేదు. ఒంటరిగా ఎక్కింది. జిల్లా గోదావరి, తాలూకా పెద్దాపురం. విశాఖ మనిషి, పెద్దాపురం మనిషి ఊళ్లో కలిసినవాళ్లు కాదు. ఓడ ఎక్కేముందు కూలీలను ఉంచే మద్రాసు డిపోలోనో, ఓడలోనో, ఉమ్‌జింటో తోటలోనో కలిశారు, ఆ తర్వాతే పెళ్లి రాయించుకున్నారు. ప్రతి వంద మంది మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లు ఉండాలన్నది షరతు. అందుకని ఒంటరి ఆడవాళ్ల కోసం రిక్రూటర్లు వెతికేవారు. ఆ గుంపులో ఎందుకు చేరిందో ఆవిడకే తెలియాలి. కుటుంబంలో అందరూ ముత్తాత ఓడ అడిగారు. ముత్తవ్వ ఓడ ఎవరూ అడగలేదు, ఆవిడ ఆయనతోపాటే వచ్చి ఉంటుందని అనుకున్నారు. ఇద్దరూ ఎవరికి వాళ్లు, ఒకే ఓడలో, వచ్చారు. ఈ సంగతి చెప్పినప్పుడు టీచరమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇకమీద ఆవిడ పేరు ముందు చెబుతాం" అంది.

సాక్ష్యం పరంగానూ ముత్తవ్వ నంబరు గొప్ప మేలు చేసింది. ముత్తాత నంబరు తప్పు చదివి ఉంటే ఆయన ఎక్కడో ఏదో ఓడలో తేలేవాడు. వేరే నంబరుతో, వేరే వరసలో వెతికిన భార్య సరిగ్గా అదే ప్రయాణంలో దొరకడం కాకతాళీయం కాదు. నటాల్ కేసుల్లో భార్య నంబరు వెతక్కుండా ఓడను ఖాయం చెయ్యొద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

సర్వసిద్ధి

ముత్తాత తాణా గడిలో ఉన్నది "సుర్వసిధి" అనే మాట. డర్బన్‌లో దాన్ని ఊరు అనుకున్నారు, గూగుల్‌లో వెతికారు, ఏవేవో ఆశ్రమాలు వచ్చాయి. అది సర్వసిద్ధి, పాత విశాఖపట్నం జిల్లాలో యలమంచిలి కేంద్రంగా ఉన్న తాలూకా. ఇప్పుడా తాలూకా లేదు, ఆ ప్రాంతం అనకాపల్లి జిల్లాలో ఉంది. ఓడ జాబితాలు చదివేవాళ్లు ఇప్పటి మండలాల పటం కాదు, బ్రిటిష్ కాలపు తాలూకాల పటం పక్కన పెట్టుకోవాలి.

సర్వసిద్ధి కావడం మా అదృష్టం. ఆ జిల్లాలో ఎక్కువ భాగం విజయనగరం, బొబ్బిలి లాంటి జమీందారీలు. అక్కడి రైతుల లెక్కలు జమీందారు కచేరీలో ఉండేవి, చాలావరకు చెదిరిపోయాయి. ప్రభుత్వమే నేరుగా రైతు దగ్గర శిస్తు వసూలు చేసిన తాలూకాలు మూడే: గోలుగొండ, పాలకొండ, సర్వసిద్ధి. ఇలాంటి రైత్వారీ తాలూకా అంటే సెటిల్‌మెంట్ రిజిస్టరు (భూమి శిస్తు లెక్కల పుస్తకం) ఉంటుంది, సర్వే నంబరు వారీగా పట్టాదారు పేరు ఉంటుంది. ఇదే మనిషి చోడవరం జమీందారీ ఊళ్లో పుట్టి ఉంటే నా వెతుకులాట ఇక్కడే ఆగిపోయేది.

ఊరి పేరు జాబితాలో వంకరపోయింది. "పురం"తో ముగిసే పేరు, ముందు భాగం రెండు రకాలుగా చదవొచ్చు. పాత తాలూకాలో రెండు ఊళ్లకు సరిపోయింది. ఒక ఊరి రిజిస్టరులో తండ్రి పేరుతో సరిపోయే పట్టాదారు లేడు. రెండో ఊళ్లో ఉన్నాడు, చిన్న మెట్ట చెక్క. తండ్రి పేరు అరుదైనదేమీ కాదు, అందువల్ల ఇది "బహుశా" దగ్గరే ఆగాలి. కూలికి పోయే కుటుంబమైతే పట్టా ఉండకపోవచ్చు కూడా.

ఊరికి వెళ్లాను. రచ్చబండ దగ్గర పెద్దవాళ్లతో నటాల్ అంటే ఎవరికీ ఏమీ తెలియలేదు. ఆశ్చర్యం లేదు. భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి స్టీమర్లు రంగూన్ వెళ్లేవి, ఈ జిల్లా వలసంటే రంగమే (ఊళ్లో రంగూన్‌ను అలాగే అంటారు). సముద్రం దాటిన ప్రతివాడూ ఊరి లెక్కలో రంగం వెళ్లినవాడే. కాబట్టి నటాల్ మాటెత్తకుండా, "రంగం వెళ్లి రానివాళ్లు ఉన్నారా తాతా" అని అడిగాను.

"మా తాత తమ్ముడొకడు ఎల్లిపోనాడని సెప్పీవోరు బాబూ. సెట్టంత మనిసంట. మరి రానేదు. ఆల్లమ్మ సచ్చిందాకా పండక్కి ఆడి పేరున ఇస్తరేసీదంట."

ఆ పెద్దాయన తాతకు తండ్రి పేరూ, జాబితాలోని తండ్రి పేరూ ఒకటే. టీచరమ్మకు ఈ మాట చెప్పడానికి ముందు చాలా ఆలోచించాను. చెబితే ఆవిడ దాన్ని పట్టుకుని వదలదు, అక్కడ ఎవరి మనసైనా అంతే. అయినా చెప్పాను, దాంతోపాటే రాసి కూడా ఇచ్చాను: ఓడ, ప్రయాణం, దిగిన రోజు, ఎస్టేట్, భార్య ఓడ, జిల్లా, తాలూకా రుజువైనవి. ఊరు చాలావరకు ఖాయం. ఈ పెద్దాయన కుటుంబంతో బంధుత్వం వీలున్నది, రుజువు కానిది. నా రిపోర్టుల్లో ఈ మూడు వరసలు ఎప్పుడూ విడివిడిగానే ఉంటాయి. తరువాతి తరం వాళ్లు నా కాగితం చూసి కొత్త కథ పుట్టించుకోకూడదు, ట్రూరో కథ అలాగే పుట్టింది కదా.

వేరే దేశాలకు వెళ్లినవాళ్ల వారసులు కూడా నా దగ్గరికి వస్తుంటారు, వాళ్లకు ఈ పద్ధతి కొంచెం మారుతుంది. ఫిజీకి 1879 నుంచి 1916 దాకా అరవై వేల పైచిలుకు మంది వెళ్లారు. మద్రాసు నుంచి ఓడలు 1903లో ఎలిఫెంటాతో గానీ మొదలు కాలేదు, కాబట్టి తెలుగు కుటుంబం 1903కి ముందు ఫిజీ వచ్చిందని చెబితే అనుమానించాలి. అక్కడ ఒక్కొక్కరికీ వలస పాస్ ఉంది, ఓడ పేరు దాని మీదే ఉంటుంది, దగ్గరి బంధువు పేరు కూడా. నటాల్ కన్నా అది తేలిక. మారిషస్ అన్నిటికన్నా పాతది, 1834 నుంచి. కోరంగి రేవు నుంచి కూడా అక్కడికి ఓడలు వెళ్లాయి. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో వలసదారుల రిజిస్టర్లున్నాయి, పందొమ్మిదో శతాబ్దం రెండో సగం నాటి చాలామందివి ఫొటోలు కూడా ఉన్నాయి. ముత్తాత ముఖం చూడగలిగే భాగ్యం మారిషస్ వాళ్లకే ఎక్కువ.

ఈ కేసులో ఇంకా రెండు పనులున్నాయి. పెద్దాపురం వైపు వెతకాలి. ముత్తవ్వ వరసలో ఊరి పేరు స్పష్టంగానే ఉంది, కానీ ఆ ఊరు జమీందారీ కింద ఉండేది, భూమి రికార్డు మీద ఆశ పెట్టుకోలేం. ఆ ఊరి గుడి, చర్చి, పాత బడి రికార్డుల దగ్గర మొదలుపెడతాను. రెండోది, పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లోని వలస శాఖ ఫైళ్లు. ఇండియాకి డబ్బు పంపినా, ఉత్తరం రాయించుకున్నా, తల్లి గురించి వాకబు చేయమని ప్రొటెక్టర్‌కి అర్జీ పెట్టుకున్నా అక్కడ నంబరు మీద ఫైలు ఉండే వీలుంది. అలాంటి అర్జీ ఒక్కటి దొరికితే అందులో అన్నదమ్ముల పేర్లు ఉంటాయి, రచ్చబండ పెద్దాయన చెప్పింది నిలుస్తుందో లేదో తేలుతుంది. టీచరమ్మ ఆ రెండు నంబర్లూ పట్టుకుని అక్కడికి వెళ్లడానికి అపాయింట్‌మెంట్ అడిగింది.